మంచి అలవాట్లు - ఒక కామర్సు విద్యార్థి మాకు నేర్పిన పాఠము

(శతాబ్ది ఉత్సవముల సందర్భముగా యౌవనస్థుల సదస్సులో చేసిన ప్రసంగము)



"విద్యార్థి జీవితము - మంచి అలవాట్లు" అను అంశము మీద మాట్లాడుమని సదస్సు కమిటీవారు మమ్ములను కోరారు. అంశము పేరు వినగానే మీలో కొందరి ముఖములు వాడిపోవుట మేము ఇక్కడినుండి చూస్తూనే ఉన్నాము. అందులో మీ తప్పేమీ లేదు. తెల్లవారుజామున లేవవలెను, పెద్దలను గౌరవించవలెను, ఏ రోజు పాఠము ఆ రోజే చదువుకొనవలెను - ఇవి సండే స్కూలు నాటినుండి మీరు వింటున్న మాటలే. మేమును అవే చెప్పుచూ వచ్చాము. చెప్పిన మేము ఎంతవరకు చేస్తున్నాము అన్నది వేరే సంగతి. ఈ ప్రసంగములో సగము ఆ సంగతే.

కావున ఈ రోజు మా సొంత మాటలు తగ్గించి, మా పాస్టరేటులో బి.కాం. చదువుచున్న ఒక అబ్బాయి చెప్పిన మాటలు మీ ముందు పెట్టదలచుకున్నాము. తన పేరు చెప్పవద్దని బ్రతిమాలుకున్నాడు. ఇప్పుడు వెనుక వరుసలో కూర్చున్నాడో లేదో కూడ మేము చెప్పము. మీరు వెనుదిరిగి చూడనక్కరలేదు.

ఆ అబ్బాయి తండ్రి వ్యవసాయ కూలి. అయిదవ తరగతి మొదలు పదవ తరగతి వరకు అబ్బాయి బోర్డింగులో ఉండి చదువుకున్నాడు. ఒకనాటి సాయంత్రము మందిరము మెట్ల మీద కూర్చుని, బోర్డింగు రోజులలో నీకు బాగా జ్ఞాపకమున్నది ఏమిటి బాబూ అని అడిగాము. ప్రార్థనలు అంటాడనుకున్నాము. క్రిస్మసు నాటకము అంటాడనుకున్నాము. "టమాటాలు, అయ్యగారూ" అన్నాడు.

విషయమేమంటే, ఆ బోర్డింగులో వార్డెనుగారు మెస్సు లెక్కలు పిల్లలచేతనే వ్రాయించేవారట. నెలకు ఇద్దరు పిల్లల వంతు. తెల్లవారి వంటాయనతో కూడ బజారుకు వెళ్లవలెను. కూరగాయలు తూచునప్పుడు కాటా ముందు నిలబడి చూడవలెను. తిరిగి వచ్చిన తరువాత బియ్యము ఎన్ని కిలోలు తీశారు, పప్పు ఎంత, నూనె ఎంత అన్నది నోటు పుస్తకములో ఎక్కించవలెను. రాత్రి భోజనము గంట కొట్టక మునుపే ఆ పుస్తకము వార్డెనుగారి బల్ల మీద ఉండవలెను. అక్కడ గంట అంటే వేపచెట్టుకు వ్రేలాడగట్టిన రైలుపట్టా ముక్క. మీలో బోర్డింగులలో పెరిగినవారికి ఆ శబ్దము ఇప్పటికీ చెవులలో ఉండియుండును. మాకున్నది.

ఎనిమిదవ తరగతిలో ఉండగా వీని వంతు వచ్చింది. ఒకరోజు టమాటాల ధర మరచిపోయాడు. నిన్నటి ధరనే వేసి, కూడిక సరిచూసి, పుస్తకము తీసుకొనిపోయి బల్ల మీద పెట్టాడు. వార్డెనుగారు చూచి, "ఈ ధర ఎవరు చెప్పారు?" అని అడిగారు. "అంతే ఉంటుంది సార్" అన్నాడు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. "వెళ్లి అడిగి రా" అన్నారు. బజారు రెండు కిలోమీటర్లు. అప్పటికే చీకటి పడుతున్నది. వంటాయనను తోడిచ్చి పంపారు. వెళ్లి అడిగితే తేడా రెండు రూపాయలు. తిరిగి వచ్చేసరికి అందరి భోజనాలు అయిపోయినవి, అన్నము చల్లారిపోయింది. ఆ రాత్రి వార్డెనుగారు తానును తినక, వీని కొరకు కనిపెట్టుకొని ఉండి, ప్రక్కన కూర్చుండి ఆ చల్లారిన అన్నమే తిన్నారట.

"ఆయన కూడా తినకుండా ఉన్నారని తెలిసి ఏడుపొచ్చింది అయ్యగారూ. మళ్లీ ఎప్పుడూ ఊహించి అంకె వెయ్యలేదు" అన్నాడు ఆ అబ్బాయి.

ఇది మాకు చాల కాలము మనసులో మెదిలింది. అలవాటు అనునది ఉపదేశముతో వచ్చేది కాదు. పాఠశాలల గోడల మీద అందమైన అక్షరములతో వ్రాసిన నీతి సూత్రములు ఎన్ని చూడలేదు మనము? వాటి క్రిందనే నిలబడి పిల్లలు చీటీలు అందించుకొనుట కూడ చూచాము. ఆ వార్డెనుగారు ఆ పూట తాను తిని పడుకొనియుంటే, ఆ అబ్బాయి జ్ఞాపకము చేసుకొనేది టమాటాలను కాదు, శిక్షను.

కాలేజీలో చేరిన తరువాత అకౌంట్సు క్లాసులో డెబిట్టు, క్రెడిట్టు చెప్పుచున్నప్పుడు తోటి పిల్లలు తలలు పట్టుకొంటే, తనకు మాత్రము ఇది పాత స్నేహితుడే అనిపించినదట. ఏ రోజుది ఆ రోజు వ్రాయుట, వచ్చినదానికి ఒక వైపు, పోయినదానికి ఒక వైపు. మన పెద్దలు దీనిని చిట్టా, ఆవర్జా అన్నారు. మన ఊళ్ల కోమట్ల దుకాణములలో పొడుగాటి పుస్తకములలో వ్రాసిన పద్దులు మేము చిన్నతనములో చూచినవే. చదువురానివారు బొగ్గుతో గోడ మీద గీతలు గీసుకొని పాలలెక్క తప్పకుండ చెప్పేవారు.

ఆ అబ్బాయి ద్వారా మేము తెలుసుకొన్న మరియొక సంగతి మీకు చెప్పకుండ ఉండలేము. ఇప్పుడు కామర్సు విద్యార్థులు చదువుచున్న ఈ జంటపద్దు విధానమును వివరముగా వ్రాసి మొదట అచ్చువేయించినవాడు ఒక సన్యాసి. పేరు లూకా పచోలీ. ఇటలీ దేశస్థుడు, ఫ్రాన్సిస్కను సభకు చెందిన సహోదరుడు, గణితము బోధించేవాడు. 1494లో వెనిసు నగరములో ఆయన గణిత గ్రంథము అచ్చయినది. అందులో ఒక భాగము వర్తకుల లెక్కల గూర్చినది. ఆ విధానమును ఆయన కనిపెట్టలేదు. వెనిసు వర్తకులు అప్పటికే పాటించుచున్న దానిని ఆయన క్రమముగా వ్రాసిపెట్టాడు. జరిగిన ప్రతి వ్యవహారమును తేదీతో సహా ముందు ఒక పుస్తకములో చిత్తుగా వ్రాయవలెననియు, అక్కడినుండి రెండవదానికి, దానినుండి మూడవదానికి ఎత్తవలెననియు చెప్పాడు. అంతే కాదు, లెక్కలు దేవుని నామముతో ప్రారంభింపవలెననియు, మొదటి పుస్తకములకు సిలువ గుర్తు వేయవలెననియు కూడ చెప్పాడు. మన ఊరి షావుకారు పద్దు పుస్తకము పైన 'శ్రీ' వ్రాయకుండ కలము కదపడు గదా! ఏ దేశములోనైనను లెక్కల పుస్తకమును దేవుడు చూస్తాడన్న భయము ఒకటి ఉండినట్లున్నది.

మేము వేదాంత కళాశాలలో హెబ్రీ క్రియలు వల్లించాము, గ్రీకు విభక్తులు వల్లించాము. సంఘ చరిత్రలో మహాసభల తేదీలు నిద్రలో లేపి అడిగినను చెప్పేవారము. చిట్టా వ్రాయుట మాత్రము మాకు వంటబట్టలేదు. పాస్టరేటుకు వచ్చిన మొదటి నెలలోనే వోచర్లు, రసీదు పుస్తకములు, ఆరాధన రిజిస్టరులో కానుక మొత్తము చూచి బెదిరిపోయాము. అదంతయు కోశాధికారి పని అని మనసులో ఒక ప్రక్కకు నెట్టివేశాము. మా చెడ్డ అలవాటు అక్కడ మొదలైనది.

పోయిన సంవత్సరము కోత పండుగనాడు జరిగిన సంగతి ఇప్పుడు చెప్పుచున్నాము. మా సంఘస్థులకు ఇది తెలుసు. మిగిలిన పాస్టరేటులవారికి తెలియదు.

ఆరాధన తరువాత వేలము. గుమ్మడికాయలు, అరటిగెలలు, ధాన్యము బస్తాలు, నాటుకోళ్లు, అమ్మలు చేసికొని వచ్చిన సున్నుండలు. కోత పండుగ వేలములో ఒక కోడిని ఒకరు పాడుకొని, తిరిగి మందిరమునకే ఇచ్చి, అదే కోడిని మరల పాడుట మీకు తెలిసినదే. ఒక పుంజు ఆ రోజు నాలుగుసార్లు అమ్ముడుపోయినది. వేలము పట్టీ వ్రాసినవాడు ఈ అబ్బాయే. వస్తువు, పాడినవారు, ధర, నగదా బాకీయా - అన్నియు వరుసగా వ్రాశాడు. డబ్బు పెట్టెలో పడుచున్నది. ముగిసేసరికి సాయంకాలమైనది. అందరు అలసిపోయారు. లెక్కపెట్టుట రేపు చూచుకొందామని పెట్టెను మా గదిలో ఉంచారు. మరునాడు ఉదయము కోశాధికారిగారు వచ్చి తీసుకొనిపోయారు.

మా కోశాధికారిగారు రిటైరైన ఉపాధ్యాయులు. మేమందరము మాస్టారు అనే పిలుస్తాము. పదునొకండు సంవత్సరములుగా ఆయన సంఘపు లెక్కలు చూస్తున్నారు. ఒక్క రూపాయి తేడా రాలేదు.

వేలము పట్టీ మొత్తము 41,860 రూపాయలు. బాకీలన్నియు వసూలైన తరువాత మాస్టారి చేతిలో ఉన్నది 38,360. తేడా 3,500. మొదట కూడికలో తప్పనుకున్నారు. అబ్బాయి మూడుసార్లు కూడాడు. పాడినవారి ఇండ్లకు వెళ్లి, మీరు ఎంత ఇచ్చారు, ఎవరి చేతికిచ్చారు అని అడిగి వచ్చాడు. పట్టీ సరిగానే ఉన్నది. డబ్బే లేదు.

ఇటువంటి మాట సంఘములో ఎంత వేగముగా నడుస్తుందో మీకు చెప్పనక్కరలేదు. ఎవరును మాస్టారి ఎదుట ఏమియు అనలేదు. కాని మూడు ఆదివారములు గడిచేసరికి, ఆరాధన అయిన తరువాత ఆయన దగ్గర నిలబడి మాట్లాడేవారు తగ్గిపోయారు. ఎప్పుడును ముందు వరుసలో కూర్చుండే మనిషి తలుపు దగ్గరకు మారారు. ఒకరోజు ఆయన ఆ అబ్బాయిని పిలిచి, "మూడు వేల అయిదు వందలు నా పింఛనులో నుంచి వేసేస్తాను బాబూ, పుస్తకం మూసేద్దాం. ఈ వయసులో నాకీ గోల ఎందుకు?" అన్నారట.

అబ్బాయి ఒప్పుకోలేదు. "మాస్టారూ, మీరు డబ్బు వేస్తే లెక్క సరిపోతుందండీ. తేడా మాత్రం ఎప్పటికీ దొరకదు" అన్నాడు.

ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. చేతిలో నోటు పుస్తకము. పండుగనాటి ఉదయము మొదలు మరునాటి ఉదయము వరకు పెట్టె ఎప్పుడు ఎవరి దగ్గర ఉన్నదో ఒక వరుస వ్రాసుకొన్నాడు. "వేలం అయ్యాక పొద్దున్న దాకా పెట్టె మీ గదిలో ఉంది గదా, అయ్యగారూ. ఎవరైనా ఆ గదిలోకి వచ్చారా?" అని అడిగాడు.

మాకు కోపము వచ్చింది. దాచిపెట్టుకొనుట ఎందుకు? మా కొడుకు వయసు పిల్లవాడు, మేము బాప్తిస్మము క్లాసులు చెప్పిన పిల్లలతో కలిసి తిరిగేవాడు, మా ముందు నిలబడి లెక్క అడుగుచున్నాడు! "మమ్మల్నే అడుగుతున్నావా?" అన్నాము. మా స్వరము పెద్దదైనది. అబ్బాయి తల వంచుకున్నాడు గాని కదలలేదు.

వంటగదిలోనుండి మా అమ్మగారు బయటికి వచ్చారు. చేతులు కొంగుకు తుడుచుకొంటూ, "ఆ రాత్రి ఎవరో తల్లి ఏడ్చుకుంటూ వచ్చింది గదండీ, బిడ్డకు ఫిట్సు వచ్చాయని. ఆటోకి, ఆసుపత్రికి డబ్బిచ్చి పంపారు. అప్పుడు ఇంట్లో అంత డబ్బు లేదు. మీరు ఎక్కడినుంచి ఇచ్చారు?" అని అడిగారు.

అప్పుడు జ్ఞాపకము వచ్చింది. పెట్టెలోనుండి తీశాము. మూడువేల అయిదువందలు. తెల్లవారి మాస్టారుతో చెప్పి వ్రాయిద్దామనుకున్నాము. తెల్లవారకముందే ప్రక్క గ్రామమునుండి మరణవార్త వచ్చింది, భూస్థాపనకు వెళ్లాము. రెండు రోజులు అక్కడే. ఆ తరువాత ఆ సంగతి మా తలలోనుండి పూర్తిగా తుడిచిపెట్టుకొనిపోయినది. తేడా వచ్చినదని మాస్టారు మాతో చెప్పినప్పుడు కూడ, అయ్యో పాపమని ఆయన కొరకు ప్రార్థన చేసిన ఘనులము మేము.

బిడ్డ బ్రతికినాడు, దేవునికి స్తోత్రము. మంచి పనికే గదా ఇచ్చాము అని మా మనసు మాకు వెంటనే చెప్పింది. ఆ మాట వెనుకనే మరియొక మాట వచ్చింది. ఆ మూడువేల అయిదువందలు ఎక్కడనైనా సర్దుబాటు చేసి, బీరువాలో ఒక కవరులో దొరికినవి, పండుగ హడావుడిలో పెట్టి మరచిపోయాము అని చెప్పితే చాలును గదా? డబ్బు తిరిగి వస్తుంది, మాస్టారి పేరు నిలుస్తుంది, మా పేరును నిలుస్తుంది. ఎవరికిని నష్టము లేదు. ఒక గురువు తలలోకి ఇంత చక్కటి అబద్ధము ఇంత త్వరగా ఎట్లు వచ్చినదో మాకే ఆశ్చర్యము.

అబ్బాయి ఏమియు అనలేదు. పెన్ను తీసి, "చిట్టాలో ఏ తేదీ వెయ్యమంటారు అయ్యగారూ?" అని మాత్రము అడిగాడు.

ఆ ప్రశ్నకు మా దగ్గర రెండు జవాబులు లేవు. ఈనాటి తేదీ వేస్తే అది బీరువాలో దొరికిన డబ్బు. ఆనాటి తేదీ వేస్తే అది మేము తీసిన డబ్బు. చాల సేపు ఊరకున్నాము. పండుగనాటి తేదీయే చెప్పాము.

ఆ ఆదివారము ప్రసంగమునకు ముందు సంఘము ఎదుట నిలబడి జరిగినది జరిగినట్లు చెప్పాము. రెండు మాసములలో డబ్బు తిరిగి కట్టుదుమని కూడ చెప్పాము, కట్టాము. ఆరాధన అయిన తరువాత ఒక పెద్దాయన మా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, ఇది కమిటీలో చెప్పుకొంటే సరిపోయేది, సంఘం ముందు మీ గౌరవం ఏం కావాలి?" అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. కాని మాస్టారి గౌరవము కమిటీ గదిలో పోలేదు గదా, మందిరపు వాకిట్లో పోయినది. మాస్టారు మాత్రము ఏమియు మాట్లాడక, సంచిలోనుండి ఒక వోచరు తీసి, "సంతకం పెట్టండి అయ్యగారూ" అన్నారు. ఆయన చెయ్యి వణకుచున్నది. మరుసటి ఆదివారము ముందు వరుసకు వచ్చి కూర్చున్నారు.

అపొస్తలుడైన పౌలు యెరూషలేములోని పేదల నిమిత్తము సంఘములలో పోగుచేసిన కానుకను తానొక్కడే పట్టుకొనిపోలేదు. తీతుతో కూడ సంఘములు ఎన్నుకొన్న సహోదరులను కలిపి పంపాడు. దేవుని ఎదుట మాత్రమే కాక మనుష్యుల ఎదుటను నింద లేకుండునట్లు చూచుకొన్నాడు. ఇది రెండవ కొరింథీ పత్రిక ఎనిమిదవ అధ్యాయములో ఉన్నది. మేము ఆ అధ్యాయము మీద ఎన్నిసార్లు ప్రసంగించామో! పౌలుకే తోడు కావలసివస్తే, రాత్రివేళ పెట్టెలో ఒంటరిగా చెయ్యి పెట్టుటకు మేమెవరము?

అలవాటు అను మాటను మన విశ్వాసులు చిన్నచూపు చూస్తారు. ఆత్మ ప్రేరణతో చేసినదే గొప్పది, అలవాటుగా చేసినది ఆచారము అంటారు. కాని ప్రభువు నజరేతులో విశ్రాంతిదినమున సమాజమందిరమునకు వెళ్లినది తన వాడుక చొప్పుననే అని లూకా వ్రాశాడు. దానియేలు రాజు శాసనము తెలిసికొనిన తరువాత కూడ రోజునకు మూడుసార్లు మోకాళ్లూనినది కొత్తగా ధైర్యము తెచ్చుకొని కాదు, ఎప్పటివలెనే. సింహముల గుహ ముందు నిలబడి అలవాటు నేర్చుకొనుట సాధ్యము కాదు.

మన తెలుగు సంఘముల చరిత్రలోనే చూడండి. రాబర్టు నోబుల్‌గారు 1841లో మచిలీపట్నము చేరి, 1843లో పాఠశాల తెరిచారు. 1865లో అక్కడనే మరణించువరకు స్వదేశమునకు ఒక్కసారి కూడ తిరిగి వెళ్లలేదు. ఆయన గొప్ప పనులు ఏమిటని అడిగితే, ప్రతి ఉదయము క్లాసుకు వెళ్లుట అని చెప్పవలసినదే. ఒంగోలులో జాన్ క్లౌగారి సంగతి వేరు. ఆయన యౌవనములో అమెరికాలో భూములు కొలిచే సర్వే బృందములో పనిచేశాడు. మిషనెరీకి గొలుసు పట్టి భూమి కొలిచే విద్య ఎందుకు? కాని 1876 మొదలు 1878 వరకు మహాక్షామము వచ్చినప్పుడు, బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించగలిగినది ఆ విద్యతోనే. పాఠశాలలో నేర్చినది ఎప్పుడు ఎవరికి అన్నమవుతుందో మనకు తెలియదు.

పొద్దున్నే లేచుట గూర్చి చెప్పుమని కమిటీవారు వ్రాశారు. లేవండి. దాని గూర్చి అంతకంటె చెప్పుటకు మా దగ్గర ఏమియు లేదు. తెల్లవారుజామున లేచి ఫోను చూచుకొనేవాని కంటె, ఏడింటికి లేచి పుస్తకము చూచుకొనేవాడే మేలు. అప్పు గూర్చి మాత్రము ఒక మాట. ఇప్పుడు అప్పు అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. ఫోనులో బొటనవేలితో నొక్కితే వస్తున్నది. కాలేజీ పిల్లలు అటువంటి అప్పులలో చిక్కుకొని మా దగ్గరకు రాత్రిపూట వచ్చిన సందర్భములు ఉన్నవి. వారెవరును దుర్మార్గులు కారు. ఖర్చు వ్రాసుకొనే అలవాటు లేనివారు, అంతే. ఎంత అప్పున్నదిరా అని అడిగితే ఒక్కడును సరియైన అంకె చెప్పలేకపోయాడు. మేము వారిని కోప్పడలేదు. పండుగనాటి పెట్టె మాకు జ్ఞాపకమున్నది గనుక, ఒక నోటు పుస్తకము ఇచ్చి ప్రక్కన కూర్చున్నాము. అంకెలన్నియు కాగితము మీదికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అమ్మగారు అన్నము వడ్డించారు. చల్లారినదే.

ఆ అబ్బాయికి చార్టర్డు అకౌంటెన్సీ చదవవలెనని ఉన్నది. ఈ నడుమ మా సంఘములో అతడు ఒక పద్ధతి పెట్టాడు. కానుక ఎంత ప్రొద్దుపోయినను ఆనాడే లెక్కపెట్టవలెను, ఇద్దరు కూర్చుండవలెను, ఇద్దరును సంతకము చేయవలెను, పెట్టె తాళపుచెవి గురువు దగ్గర ఉండరాదు. చివరిది వ్రాయునప్పుడు మా వంక చూచాడు. మేమే ముందు చెయ్యెత్తాము.

ఇప్పుడు పాట పాడునప్పుడు కానుక పట్టబడును. లెక్కపెట్టుటకు ఇద్దరు కావలెను. ఒకరు మాస్టారు, ఆయన వచ్చియున్నారు. రెండవవారు మీలోనుండి ఎవరైనా వెస్ట్రీలోనికి రండి. పెన్సిలు వద్దు, పెన్ను తెచ్చుకోండి.